ఒడ్డు కనపడని రోజు: క్రూయిజ్ ఓడలో ఒక పగలు ఎలా గడపాలి

మా అమ్మ అంతవరకు చూసిన నీళ్లలో పెద్దది పోరుమామిళ్ల చెరువు. క్రూయిజ్ టికెట్లు బుక్ చేశాక ఏ రోజు ఎక్కడుంటామో కాగితం మీద రాసి చూపించాను. మొదటి రోజు చెన్నై, మూడో రోజు శ్రీలంక రేవు. మధ్యలో రెండో రోజుకు ఎదురుగా ‘సముద్రంలో’ అని మాత్రమే ఉంది.

“ఆ పొద్దు ఏ ఊరు?” అని అడిగింది.

“ఏ ఊరూ లేదమ్మా. పొద్దంతా ఓడలోనే.”

“ఏ ఊరూ లేకుంటే పొద్దు ఎట్ల పోతుంది నాయనా?”

కడప, కర్నూలు, అనంతపురం నుంచి మొదటిసారి ఓడ ఎక్కబోయే వాళ్లు చాలామంది నన్ను ఇదే అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా మాట వింటే, ఆ ఊరు లేని రోజు ఉన్న ట్రిప్పునే ఎంచుకోండి. ఊళ్లు ఎప్పుడైనా చూడవచ్చు. నాలుగు దిక్కులా నీళ్లు తప్ప ఇంకేమీ లేని రోజు, ఎండిన పెన్న ఇసుక చూస్తూ పెరిగిన మనకు అంత సులభంగా దొరకదు. కాకపోతే ఆ రోజు హాయిగా గడవాలంటే చేయాల్సిన పనుల్లో సగం ఇంట్లో ఉండగానే చేసుకోవాలి.

ముందు నెల చూసుకోండి, తర్వాత గది

బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల భయం ఎక్కువ. అరేబియా సముద్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు లేచి పడుతుంటుంది. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే చెన్నై నుంచి ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. ముంబై నుంచి అయితే డిసెంబరు నుంచి మార్చి దాకా పర్వాలేదు. ఓడలు ఏడాది పొడవునా ఒకే రేవు నుంచి బయలుదేరవు, సీజన్‌ను బట్టి మారుతుంటాయి. అందుకే మూడు నాలుగు నెలల ముందే చూసుకోండి.

రేవుకు చేరడం మనకు కష్టం కాదు. ముంబై–చెన్నై రైలు మార్గం గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప, రాజంపేట మీదుగానే పోతుంది. రెండు రేవులూ మన పట్టాలకు రెండు కొసల్లో ఉన్నాయి. కర్నూలు వాళ్లు డోన్ మీదుగా గుత్తికో గుంతకల్లుకో వచ్చి ఎక్కవచ్చు. అయితే ఓడ బయలుదేరే రోజున పోదాంలే అనుకోవద్దు. ముందు రోజు సాయంత్రానికే ఆ ఊరు చేరి నిద్ర చేయండి. ఓడ కదలడానికి చాలా ముందే లోపలికి తీసుకోవడం ఆపేస్తారు. రైలు రెండు గంటలు లేటైతే మీ సెలవంతా పోతుంది.

గది విషయంలో ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. మన పొలాల్లో వెనకటికి ఏతం ఉండేది కదా. మాను కొసలు ఎంత లేచి పడినా ఇరుసు దగ్గర కదలిక కొంచెమే. ఓడ కూడా అంతే. ముందు కొస, వెనక కొస, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. నడిమధ్యన, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. పై అంతస్తు గదికి డబ్బు ఎక్కువ కట్టి అమ్మానాన్నలకు వికారం కొనిపెట్టకండి.

కిటికీ లేని గది చౌక. వయసులో ఉన్నవాళ్లకు అది చాలు, ఎట్లాగూ డెక్, అంటే ఓడ మీద బయట తిరిగే అంతస్తు, అందరిదీ. పెద్దవాళ్లకు మాత్రం కిటికీ ఉన్న గదే తీసుకోమంటాను. గోడల మధ్య కూర్చున్నప్పుడు కళ్లు ‘ఏమీ కదలడం లేదు’ అంటాయి. చెవి లోపల మన తూకం చూసే భాగం ‘కదులుతున్నాం’ అంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకే తల తిరిగి కడుపులో తిప్పుతుంది. బయటి నీళ్లు కనబడుతుంటే కళ్లూ చెవీ ఒకే మాట మీదికి వస్తాయి.

టికెట్ కొనేటప్పుడే అందులో ఏమేం కలిసి ఉన్నాయో రాసిచ్చిన కాగితం చదవండి. మామూలుగా గది, భోజనం, చాలా కార్యక్రమాలు కలిసే ఉంటాయి. కూల్ డ్రింకులు, కొన్ని ప్రత్యేక హోటళ్లు, వైఫై, సర్వీస్ చార్జీ విడిగా పడవచ్చు.

బ్యాగులో ఏం పెట్టాలి, ఏం తీసేయాలి

రోజువారీ మాత్రలన్నీ చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి చాలాసార్లు సాయంత్రం అవుతుంది. బీపీ, షుగర్ మాత్రలు ఆ పెట్టెలో ఇరుక్కుంటే మధ్యాహ్నం మాత్ర తప్పుతుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు గదిలో ఫ్రిజ్ ఉంటుందా, అది సరిగ్గా చల్లబడుతుందా అని బుక్ చేసేటప్పుడే అడగండి.

వికారానికి అవోమిన్ లాంటి మాత్ర మన మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. కానీ డాక్టరును అడగకుండా పెద్దవాళ్లకు ఇవ్వకండి. అది మత్తుగా ఉంచుతుంది. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లకు మంచిది కాకపోవచ్చు. ఏది వేసుకున్నా తిప్పడం మొదలవకముందే వేసుకోవాలి. కడుపు తిరిగాక మింగిన మాత్ర లోపల నిలవదు.

విదేశీ రేవు ఉంటే పాస్‌పోర్టు కావాలి, గడువు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలి. ఏసీకి ఒక శాలువా, జారని చెప్పులు పెట్టుకోండి. బాత్‌రూము గడప కొంచెం ఎత్తుగా ఉంటుంది, మొదటి రోజు దానికి కాలు తగిలించుకోని వాళ్లు తక్కువ.

తీసేయాల్సినవి చెబితే ఇంట్లో గొడవ అవుతుంది, తెలుసు. ఇంట్లో వండిన ఓళిగలు, ఊరిబిండి, చిత్రాన్నం లాంటివి ఓడలోకి సాధారణంగా రానివ్వరు. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్, ఎక్స్‌టెన్షన్ వైరు కూడా కుదరవు. అన్నిటికన్నా ముఖ్యం కర్పూరం, అగరొత్తులు, దీపం. మా అమ్మ చిన్న కుంది, వత్తులు చీర మడతల్లో దాచి పెట్టింది. నేను తీసి ఇంట్లో పెట్టాను. చుట్టూ అన్ని నీళ్లున్నా ఓడ వాళ్లు నిప్పుకు భయపడినంతగా ఇంకదేనికీ భయపడరు. నడిసముద్రంలో మంట లేస్తే పరుగెత్తడానికి వీధి ఉండదు. పటం పెట్టుకొని చేతులు జోడిస్తే చాలని అమ్మకు నచ్చజెప్పాను, ఒప్పుకుంది.

ఎక్కిన సాయంత్రమే చేయాల్సిన మూడు పనులు

మొదటిది డ్రిల్. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలి, లైఫ్ జాకెట్ ఎట్లా కట్టుకోవాలి అనేది చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, వెంటనే ఒక పొడుగు కూత వినబడితే అది అందరూ చేరాల్సిన సంకేతం. కొందరు ఆ సమయంలో ఫోటోలు దిగుతూ ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాళ్లకు గుద్దుకొని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ రోజు రేవులో ఎక్కిన వందలమందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాతే అంతర్జాతీయ నియమం మార్చి, ఓడ బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనో డ్రిల్ జరగాలన్నారు. డ్రిల్ అయ్యాక మీ గది నుంచి ఆ చోటికి అమ్మానాన్నలను ఒకసారి మెట్ల మీదుగా నడిపించండి. ప్రమాదంలో లిఫ్టు వాడకూడదు కాబట్టి మెట్ల దారే కాళ్లకు అలవాటు కావాలి.

రెండోది ఫోన్. ఒడ్డు దూరమయ్యే లోపే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో సిగ్నల్ కనబడితే అది మన టవర్‌ది కాదు, ఓడలోని శాటిలైట్ సిగ్నల్. మా బంధువు ఒకాయన ఫోన్ జేబులో మామూలుగా ఉంచుకున్నాడు. ఎవరికీ కాల్ చేయలేదు, నెట్ మాత్రం దానంతట అదే నడిచింది. ఇంటికొచ్చాక వచ్చిన బిల్లు చూసి నెల రోజులు బాధపడ్డాడు. ఊళ్లో ఉన్నవాళ్లకు ‘ఎల్లుండి దాకా ఫోన్ కలవదు, టెన్షన్ పడొద్దు’ అని ముందే చెప్పేయండి. ఈ ఒక్క మాట చెప్పకపోతే మన అవ్వలు అన్నం మానేస్తారు.

మూడోది, ఫోన్లు లేవు కాబట్టి కలుసుకునే చోటు. కారిడార్లన్నీ ఒకే పోలికతో ఉంటాయి. మా నాయన లిఫ్టు దిగి కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగి అరగంట గది వెతుక్కున్నాడు. అడగడానికి మొహమాటం. డెక్ నంబరు, గది నంబరు రాసిన చీటీ ప్రతి ఒక్కరి జేబులో పెట్టండి. ‘మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదింటికి ఫలానా మెట్ల దగ్గర’ అని ఒక మాట అనుకోండి. పిల్లలున్న ఇంటికి ఇది మరీ ముఖ్యం.

మరుసటి రోజు కార్యక్రమాల కాగితం రాత్రి గదికి వస్తుంది, లేదా ఓడ యాప్‌లో ఉంటుంది. అందులో పాతిక దాకా ఉంటాయి. రెండింటికి మాత్రమే గుర్తు పెట్టుకోండి. అన్నిటికీ పోవాలనుకుంటే ఆ రోజంతా లిఫ్టుల దగ్గరే గడుస్తుంది.

తెల్లవారుజామున డెక్ మీద

సముద్రంలో ఉండే రోజు ఐదున్నరకు లేవండి. ఇది మాత్రం వదులుకోకండి. చెన్నై నుంచి శ్రీలంక వైపు, అంటే దక్షిణానికి పోతుంటే ఓడ ముందుకు తిరిగి నిలబడినప్పుడు మీ ఎడమ చేతి వైపు తూర్పు. సూర్యుడు ఆ వైపే లేస్తాడు, సాయంత్రం కుడి వైపు దిగుతాడు. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారు. ఓడ వాళ్లు ఎడమను పోర్ట్ అని, కుడిని స్టార్‌బోర్డ్ అని అంటారు. ఆ మాటలు తెలిసి ఉంటే బోర్డులు చదవడం సులభం.

శాలువా కప్పి అమ్మను బయటికి తీసుకొచ్చాను. ఓడ 15 నాట్ల వేగంతో పోతుందనుకుంటే అది గంటకు దాదాపు 28 కిలోమీటర్లు, మన పల్లెవెలుగు బస్సు కన్నా నిదానం. అయినా రాత్రంతా ఆగకుండా నడిచింది కాబట్టి ఒడ్డు ఎప్పుడో పోయింది. నీళ్లకు 30 మీటర్ల ఎత్తున నిలబడితే చూపు ఆనే గీత దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ గుండ్రంలో ఇల్లు లేదు, చెట్టు లేదు, కొండ లేదు. మా ఊరి వాళ్లం పాలకొండలనో నల్లమలనో చూసి దిక్కు గుర్తుపట్టే వాళ్లం. ఇక్కడ సూర్యుడు తప్ప ఆనవాలు లేదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “కింద ఎంత లోతుంటాది?” అంది. బంగాళాఖాతం సగటు లోతు దాదాపు 2,600 మీటర్లని చెప్పాను. రెండున్నర కిలోమీటర్ల బావి అనుకోమన్నాను. రెయిలింగ్ గట్టిగా పట్టుకుంది.

అప్పుడే కొంగు ముడి విప్పి పసుపు, కుంకుమ, రూపాయి బిళ్ల తీసింది, గంగమ్మకు వేస్తానని. ఇది మీ ఇంట్లోనూ జరుగుతుంది, అందుకే చెబుతున్నాను. ఓడ మీద నుంచి సముద్రంలోకి ఏదీ విసరకూడదు. ప్లాస్టిక్ వేయడాన్ని అంతర్జాతీయ ఒప్పందం పూర్తిగా నిషేధించింది. పూలయినా, బిళ్లయినా ఓడ సిబ్బంది ఒప్పుకోరు. సిగరెట్ పీక విసిరితే గాలికి వెనక్కి వచ్చి కింది బాల్కనీలో పడి మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. గంగమ్మకు పెట్టుకోవాలనుకుంటే ఎక్కే ముందు రోజు మెరీనా ఒడ్డున అలల దగ్గర నిలబడి పెట్టుకోండి. కవరు మాత్రం చేతిలోనే వెనక్కి తెచ్చుకోండి. అమ్మ దండం పెట్టి బిళ్లను మళ్లీ ముడి వేసుకుంది. మేం తిరిగొచ్చాక ఒడ్డున చెల్లించింది.

ఆ వేళప్పుడు ఓడ ముందు భాగం వైపు నీళ్లను చూస్తూ ఉండండి. ఎగిరే చేపలు ఓడ అలకు బెదిరి గుంపుగా లేచి, నీళ్లను తాకుతూ దూరం పోయి మునుగుతాయి. మొదట పిట్టలనుకుంటారు. అదృష్టం ఉంటే డాల్ఫిన్లు కూడా కనబడతాయి.

టిఫిను, వికారం

ఊళ్లు లేని రోజు అందరూ ఓడలోనే ఉంటారు కాబట్టి తొమ్మిదింటికి బఫే దగ్గర జాతరలా ఉంటుంది. ఏడున్నరకే పోండి, కిటికీ పక్కన బల్ల దొరుకుతుంది. మన దేశం నుంచి బయలుదేరే ఓడల్లో శాకాహారానికి కొదవ లేదు. ఇడ్లీ, దోశ ఉంటాయి, కడప కారం దోశ మాత్రం ఆశించకండి. పళ్లెం సగమే నింపండి.

చేతులు సబ్బుతో కడగడం మర్చిపోవద్దు. వాకిట్లో పెట్టిన శానిటైజర్ రుద్దుకుంటే చాలదు. ఓడల్లో వాంతులు, విరేచనాలు పాకించే నోరోవైరస్ మీద దాని బలం తక్కువ. సబ్బు, పారే నీళ్లే మేలు. తాగే నీళ్ల గురించి అనుమానం వద్దు. పెద్ద ఓడలు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి మంచినీళ్లు తయారు చేసుకుంటాయి. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టిన నాయన ఈ సంగతి విని ఒక గ్లాసు నీళ్లు చేతిలో పట్టుకొని తిప్పి తిప్పి చూశాడు.

నాయన మాత్ర వద్దన్నాడు. “చేన్లో ఎద్దుల బండి మీద పెరిగినోన్ని, నాకేం అవుతుంది” అన్నాడు. తొమ్మిదికి గాలి కొంచెం పెరిగింది. పైడెక్ మీద కూర్చొని ఫోన్‌లో ఫోటోలు చూస్తున్నాడు, పది నిమిషాల్లో ముఖం పాలిపోయింది. మీకు ఇట్లా అయితే ఈ వరసలో చేయండి. చేతిలోని ఫోన్, పుస్తకం పక్కన పెట్టించండి. ఓడ మధ్యకు, వీలైనంత కింది డెక్‌కు, గాలి తగిలే చోటికి తీసుకురండి. చూపు ఆకాశం నీళ్లు కలిసే గీత మీద నిలపమనండి. అది కదలదు, కళ్లకు ఒక ఆధారం దొరుకుతుంది. అల్లం ముక్క నమలడం, ఉప్పు బిస్కెట్టు కొరకడం, కొద్దికొద్దిగా నీళ్లు తాగడం చాలామందికి పని చేస్తాయి. ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు. కూర్చోలేకపోతే గదిలో కళ్లు మూసుకొని వెల్లకిలా పడుకోవాలి. వాంతులు ఆగకపోతే ఓడలోని వైద్య కేంద్రానికి పోండి, అక్కడ ఫీజు ఎక్కువ. ప్రయాణ బీమా ముందే తీసుకోమనేది అందుకే.

నాయన పదకొండున్నరకు తేరుకున్నాడు.

నడి పొద్దు

మన ఎండ మనకు తెలుసు అనుకుంటాం. సముద్రం మీద ఎండ రెండు వైపుల నుంచి వస్తుంది, పైనుంచి ఒకటి, నీళ్ల మీద పడి తిరిగొచ్చేది ఒకటి. చల్లని గాలికి చర్మం కాలుతున్నట్టు తెలియదు, సాయంత్రానికి మంట తెలుస్తుంది. పదకొండు నుంచి మూడు దాకా నీడలో ఉండండి.

ఈ నాలుగు గంటల్లోనే విసుగు పుడుతుంది. స్విమ్మింగ్ పూల్ ఆ వేళ కిక్కిరిసి ఉంటుంది, ఉదయం ఎనిమిది లోపు ఖాళీ. కాసినో, దుకాణాలు సముద్రంలో ఉన్నప్పుడే తెరుస్తారు. కాసినో వైపు పోవద్దని గట్టిగా చెబుతాను. ఓడలో నోట్లు చేతులు మారవు, కార్డు చూపితే ఖాతాలో రాసుకుంటారు. ఎంత పోయిందో చివరి రాత్రి దాకా తెలియదు. దానికి బదులు కార్డు ముక్కలు, పచ్చీసు గుడ్డ, దారపు పని ఏదైనా వెంట తెచ్చుకోండి. మా అమ్మ పచ్చీసు గుడ్డ పరిచేసరికి పక్క గది తమిళావిడ, ఒక గుజరాతీ ముసలాయన వచ్చి కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, ఆట మాత్రం ముగ్గురికీ తెలుసు. రెండు గంటలు ఆడారు.

తర్వాత కాసేపు పడుకోండి. ఓడ ఊపుకు వచ్చే మధ్యాహ్నపు నిద్ర ఉయ్యాల నిద్రే.

పిల్లలను రెయిలింగ్ ఎక్కనివ్వకండి, బాల్కనీలో కుర్చీని రెయిలింగ్‌కు ఆనించి ఉంచకండి. ఎవరైనా నీళ్లలో పడటం చూస్తే గట్టిగా అరవండి, దగ్గరున్న లైఫ్ రింగు విసరండి. పడిన మనిషి మీది నుంచి చూపు తిప్పకుండా వేలు అటే చూపిస్తూ నిలబడండి. అంత నీళ్లలో ఒక తల క్షణంలో కనబడకుండా పోతుంది. మీ వేలే సిబ్బందికి దారి.

పొద్దు గుంకాక

సాయంత్రం ఐదున్నరకు పడమటి వైపు కుర్చీలు పట్టుకోండి. ఆ సమయానికి నాటకమో డాన్సో పెడతారు, దాన్ని రాత్రి ఆటకు చూడవచ్చు. సూర్యుడు నీళ్లలో దిగేటప్పుడు అంచులు నలిగి, అడుగు చదునుగా అవుతుంది. అంచు నీళ్లను తాకాక చివరి ముక్క మాయమవడానికి రెండు మూడు నిమిషాలు చాలు. అమావాస్యకు దగ్గరి రోజులైతే భోజనం తర్వాత లైట్లు తక్కువగా ఉన్న డెక్ మూల వెతుక్కొని పదిహేను నిమిషాలు ఫోన్ తెరవకుండా ఉండండి. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక చుక్కలు నీళ్ల అంచు దాకా దిగి కనబడతాయి. మేడ మీద పడుకున్న రోజుల తర్వాత అన్ని చుక్కలు నేను మళ్లీ అక్కడే చూశాను.

ట్రిప్పు చివరి రాత్రి ఖాతా బిల్లు అడిగి తీసుకొని ఒక్కో వరుస చదవండి. తప్పు ఉంటే అప్పుడే కౌంటర్‌లో చెప్పాలి, దిగాక ఎవరూ వినరు. పెట్టెలు రాత్రే తలుపు బయట పెట్టమంటారు. పొద్దున వేసుకునే బట్టలు, మాత్రలు, పాస్‌పోర్టు అందులో పోకుండా చూసుకోండి.

ఇంటికి చేరిన రోజు నేల కాసేపు ఊగుతున్నట్టే ఉంటుంది. అమ్మ వంటింటి ద్వారబంధం పట్టుకొని “ఇల్లు పోతాంది చూడు” అంది. భయం లేదు, చాలామందికి ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గుతుంది. అది తగ్గేదాకా స్కూటర్ బయటికి తీయకండి, పెద్దవాళ్లను నిచ్చెన ఎక్కనివ్వకండి.